కెమిస్ట్రీ డిగ్రీని చివరి నుంచి గీయాలి: ఒక విద్యార్థిని ఎనిమిది సెమిస్టర్ల కేసు

డిగ్రీ విద్యార్థులకు కోర్సుల ఎంపికలో సలహా ఇవ్వడం నా పని. భౌతిక రసాయనం పాఠం కూడా చెబుతాను. అందువల్ల, వరుస తప్పి చదివినవాళ్లు మూడో ఏట ఏ సమీకరణం దగ్గర చతికిలబడతారో తరగతిలో చూస్తూనే ఉంటాను. ఇక్కడ రాస్తున్నది ఒక విద్యార్థిని నాలుగేళ్ల ప్రణాళిక, అది ఎక్కడ నిలబడింది, ఎక్కడ మార్చుకోవలసి వచ్చింది అన్న సంగతి. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇందులో అసాధారణమైనది ఏమీ లేదు. అందుకే ఈ కేసు ఎంచుకున్నాను.

ఆమె తెచ్చిన కాగితం

చేరిన మొదటి వారంలోనే ఆమె నాలుగేళ్ల ప్రణాళిక తయారు చేసుకుని వచ్చింది. గళ్ల కాగితం మీద ఎనిమిది నిలువు గడులు, ఒక్కో గడిలో పొందికైన అక్షరాలతో నాలుగైదు కోర్సుల పేర్లు. మొదటి రెండేళ్లు కెమిస్ట్రీయే కెమిస్ట్రీ: సాధారణ రసాయనం, కర్బన రసాయనం రెండు భాగాలు, అకర్బన రసాయనం, పరిమాణాత్మక విశ్లేషణ (ఏది ఎంత ఉందో కొలవడం), వాటి ప్రయోగశాలలు. కలన గణితం రెండు భాగాలూ ఐదు, ఆరు సెమిస్టర్లలో ఉన్నాయి. భౌతిక శాస్త్రం కూడా అక్కడే. భౌతిక రసాయనం ఏడు, ఎనిమిది సెమిస్టర్లలో. చివరి ఏడాది పరిశోధన ప్రాజెక్టు.

"ముందు ఇష్టమైనవి చదివేస్తాను సార్. లెక్కలంటే నాకు భయం. చివర్లో పెట్టుకుంటే అప్పటికి కాస్త ధైర్యం వస్తుంది కదా" అంది.

ఏమవాలనుకుంటున్నావని అడిగితే, "మందులు కనిపెట్టాలి" అని తడుముకోకుండా చెప్పింది. మందుల పనిలో సంశ్లేషణ చేసేవాళ్లు, అంటే పదార్థాన్ని తయారు చేసేవాళ్లు, వేరు, తయారైన పదార్థం శుద్ధతను తేల్చేవాళ్లు వేరు, అది శరీరంలో ఏ ప్రోటీన్‌కు అతుక్కుంటుందో చూసేవాళ్లు వేరు. ఇవి మూడు వేర్వేరు చదువులు. పద్దెనిమిదేళ్ల వయసులో వాటిలో ఒకటి తేల్చుకోమనడం అన్యాయం కాబట్టి ఆ ప్రశ్నను నాలుగో సెమిస్టర్ చివరి వరకు పక్కన పెట్టాం. ప్రణాళిక చేయవలసిన పని, అప్పటివరకు మూడు తలుపులూ మూసుకుపోకుండా చూడటం.

కాగితం చూడగానే కనిపించిన లోపం ఒకటే. బహుచర కలనం, అంటే ఒకటికి మించి చరరాశులున్న ప్రమేయాలతో పనిచేసే గణితం, అందులో ఎక్కడా లేదు. కోర్సుల పుస్తకంలో భౌతిక రసాయనం ఎదురుగా "గణిత విభాగం నిర్దేశించిన కలన గణితం కోర్సులు" అని మాత్రమే ఉంది. ఆమె కెమిస్ట్రీ పేజీలు చూసింది, గణితం పేజీలు తిప్పలేదు. కలన గణితం అంటే రెండు భాగాలే అనుకుంది. ఇందులో ఆమె అజాగ్రత్త కొంతే. కోర్సుల పుస్తకాలు సాధారణంగా ఒక మెట్టు కిందికే చూపిస్తాయి. ఒక కోర్సుకు ముందు చదవాల్సిన కోర్సు కనిపిస్తుంది, దానికి ముందు చదవాల్సినది ఇంకో పేజీలో దాక్కుని ఉంటుంది.

కుడి నుంచి ఎడమకు

కొత్త కాగితం ఇచ్చి, ఎనిమిదో గడి నుంచి మొదలుపెట్టమన్నాను. చివరి ఏడాది ప్రాజెక్టు చేయాలంటే ఏమేం వచ్చి ఉండాలి? ఏ ప్రయోగశాలలో చేరినా పరికరాల విశ్లేషణ వచ్చి ఉండాలి: వర్ణపటమాపకాలు, మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే క్రోమటోగ్రఫీ, వాటి ఫలితాలను చదవడం. అది ఆరో సెమిస్టర్‌లోపు అయిపోవాలి. దానికి ముందు పరిమాణాత్మక విశ్లేషణ. ఏడో సెమిస్టర్‌లో ఉన్నత అకర్బన రసాయనం ఉంది. అందులో అణువుల సౌష్ఠవం, సంధిలోహ సంక్లిష్టాల రంగులు వస్తాయి. అవి అర్థం కావాలంటే క్వాంటం సిద్ధాంతం, వర్ణపట శాస్త్రం ఉన్న భౌతిక రసాయనం రెండో భాగం అయిపోవాలి. దానికి ముందు మొదటి భాగం, అంటే ఉష్ణగతిక శాస్త్రం, చర్యా వేగాలు. దానికి ముందు బహుచర కలనం, భౌతిక శాస్త్రం రెండో భాగం. బహుచర కలనానికి ముందు కలన గణితం రెండు. దానికి ముందు ఒకటి.

బాణాలు గీసేసరికి కాగితం మీద అన్నిటికన్నా పొడవైన గొలుసు ఏదో ఆమెకే కనిపించింది. అందులో మొదటి మూడు కొక్కేలు గణితానివి. కర్బన రసాయనం గొలుసు దాని ముందు పొట్టిది. సాధారణ రసాయనం తర్వాత రెండు భాగాలతో అయిపోతుంది.

ఇక అసలు లెక్క. కలన గణితం ఒకటి, రెండు మా దగ్గర ప్రతి సెమిస్టర్‌లో ఉంటాయి. బహుచర కలనం, భౌతిక రసాయనం మొదటి భాగం, ఉన్నత అకర్బన రసాయనం బేసి సెమిస్టర్లలోనే ఉంటాయి. భౌతిక రసాయనం రెండో భాగం సరి సెమిస్టర్‌లోనే. చిన్న విభాగాల్లో దాదాపు అంతటా ఇదే పరిస్థితి, పై తరగతి కోర్సులు ఏడాదికి ఒక్కసారే చెబుతారు. కలన గణితం ఒకటి మొదటి సెమిస్టర్‌లో చదివితే రెండోది రెండులో, బహుచర కలనం మూడులో, భౌతిక రసాయనం ఐదు, ఆరులలో, ఉన్నత అకర్బనం ఏడులో వస్తాయి. అదే మొదటి కోర్సును ఒక్క సెమిస్టర్ వాయిదా వేస్తే? రెండోది మూడులో పడుతుంది. బహుచర కలనం నాలుగులో లేదు కాబట్టి ఐదుకు జరుగుతుంది. భౌతిక రసాయనం ఏడు, ఎనిమిదికి వెళ్తుంది. ఉన్నత అకర్బనం తొమ్మిదో సెమిస్టర్‌లో పడుతుంది. డిగ్రీలో తొమ్మిదో సెమిస్టర్ లేదు. మొదట్లో ఆరు నెలల ఆలస్యం చివరకు ఒక ఏడాది అవుతుంది. మూడేళ్ల డిగ్రీలో ఈ బిగుతు ఇంకా ఎక్కువ.

లెక్కలను వెనక్కి నెట్టడం వల్ల భయం తగ్గుతుందా పెరుగుతుందా అనే చర్చ ఇక అక్కర్లేకపోయింది. ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది.

భయం ఎంత, లోటు ఎంత

కలన గణితాన్ని మొదటి సెమిస్టర్‌లో పెట్టే ముందు ఆమె గణితం ఏ స్థాయిలో ఉందో చూడాలి. ప్రవేశ పరీక్ష మార్కులతో ఇది తేలదు. ఆమెకు తెలిసిన కెమిస్ట్రీ నుంచే ఒక ప్రశ్న అడిగాను: ప్రథమ క్రమాంక చర్యలో అర్ధాయువు (పదార్థం సగమవడానికి పట్టే కాలం) మొదటి గాఢతపై ఎందుకు ఆధారపడదు?

సూత్రం వెంటనే రాసింది. 0.693ను రేటు స్థిరాంకంతో భాగించాలి. సరే, ఈ 0.693 ఎక్కడి నుంచి వచ్చింది? మౌనం. "పుస్తకంలో అలాగే ఉంది సార్."

చర్యా వేగం గాఢతకు అనులోమంగా ఉంటుందన్న మాటను సమీకరణంగా రాయించాను. గాఢతను ఒకవైపు, కాలాన్ని మరోవైపు చేర్చి సమాకలనం చేస్తే సహజ సంవర్గమానం వస్తుంది. గాఢత సగమైందని పెడితే మొదటి గాఢత కొట్టుకుపోయి, రెండుకు సహజ సంవర్గమానం మిగులుతుంది. అదే 0.693. ఈ మూడు పంక్తులు ఆమె నెమ్మదిగానైనా తనే పూర్తి చేసింది. తర్వాత అడగకుండానే ద్వితీయ క్రమాంక చర్యకు అదే పని చేసి చూసింది. అక్కడ మొదటి గాఢత కొట్టుకుపోలేదు, హారంలో ఉండిపోయింది. "అయితే ఇది గాఢత మీద ఆధారపడుతుంది" అని తనకు తానే చెప్పుకుంది.

సమాకలనం చేయడం ఆమెకు వచ్చు. కెమిస్ట్రీ సూత్రాల వెనక అది ఉంటుందని ఎవరూ చూపించలేదు. ఇది లోటు కన్నా భయం ఎక్కువగా ఉన్న కేసు. అందుకని సన్నాహక గణితం కోర్సు అక్కర్లేదనీ, నేరుగా కలన గణితంలో చేరవచ్చనీ తేల్చాం. బీజగణితంలోనే తడబడే విద్యార్థి అయితే నా సలహా పూర్తిగా వేరుగా ఉండేది. అలాంటివారికి మొదటి సెమిస్టర్‌లో సన్నాహక కోర్సు, వేసవిలో కలన గణితం ఒకటి పెట్టి గొలుసును కాపాడతాను.

బహుచర కలనం మీద ఇంత పట్టుదల ఎందుకని కొందరు సహోద్యోగులు కూడా అడుగుతుంటారు. ఉష్ణగతిక శాస్త్రంలో దాదాపు ప్రతి రాశీ ఇంకో రెండు రాశులపై ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత మారకుండా వాయువు ఘనపరిమాణం పెరిగితే అంతర్గత శక్తి ఎంత మారుతుందన్న ప్రశ్నే తీసుకోండి. ఆదర్శ వాయువుకు జవాబు సున్న. అణువుల ఆకర్షణను, పరిమాణాన్ని కూడా లెక్కలోకి తీసుకునే వాన్ డర్ వాల్స్ వాయువుకు సున్న కాదు. అణువుల మధ్య ఆకర్షణను సూచించే స్థిరాంకాన్ని మోల్‌ల సంఖ్య వర్గంతో గుణించి, ఘనపరిమాణం వర్గంతో భాగిస్తే వస్తుంది. ఒక చిన్న పాక్షిక అవకలనంతో (ఒక రాశినే మార్చి, మిగతావి స్థిరంగా ఉంచి చేసేది) అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయన్న సంగతి బయటపడుతుంది. "ఏది స్థిరంగా ఉంచాం?" అన్న ప్రశ్న వేసుకోవడం రాని విద్యార్థికి అదంతా గుర్తుల గందరగోళంగా కనిపిస్తుంది. అతను సూత్రాన్ని బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతాడు. రెండో భాగంలో హైడ్రోజన్ పరమాణువుకు ష్రోడింగర్ సమీకరణం (ఎలక్ట్రాన్ ప్రవర్తనను చెప్పే క్వాంటం సమీకరణం) వచ్చినప్పుడు బట్టీ కూడా పనిచేయదు.

భౌతిక శాస్త్రం రెండో భాగం గురించి ఒక్క మాట చాలు. విద్యుత్తు, అయస్కాంతత్వం, తరంగాలు తెలియకుండా వర్ణపట శాస్త్రం చదివితే పరికరం పెట్టె మీద రాసిన అంకెలు అంకెలుగానే ఉండిపోతాయి. 9.4 టెస్లా అయస్కాంతమున్న ఎన్‌ఎమ్‌ఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందన చూసి అణువు నిర్మాణం తేల్చే) యంత్రాన్ని 400 మెగాహెర్ట్జ్ యంత్రం అని ఎందుకంటారో చెప్పగలగాలంటే, అయస్కాంత క్షేత్రంలో ప్రోటాన్ ఏం చేస్తుందో తెలియాలి.

క్రెడిట్లలో కనిపించని గంటలు

ఆమె మొదటి కాగితంలో ఇంకో ఇబ్బంది ఉంది. నాలుగో సెమిస్టర్‌లో మూడు ప్రయోగశాలలు ఒకేసారి పడ్డాయి. క్రెడిట్లు కూడితే ఆ సెమిస్టర్ మిగతావాటికన్నా తేలికగా కనిపిస్తుంది. చాలాచోట్ల తరగతిలో కూర్చున్న ఒక గంటకు ఒక క్రెడిట్ ఇస్తే, ప్రయోగశాలలో రెండు మూడు గంటలకు ఒక క్రెడిట్ ఇస్తారు. ఐరోపా క్రెడిట్ పద్ధతి ఈ విషయంలో నిజాయితీగా ఉంటుంది. ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోదానికి 25 నుంచి 30 గంటల పని అని, తరగతి, ప్రయోగశాల, సొంత చదువు అన్నీ కలిపి లెక్క కడుతుంది.

నాలుగు గంటల కర్బన రసాయనం ప్రయోగశాల నాలుగు గంటల్లో ముగియదు. మెగ్నీషియంతో చేసే గ్రిగ్నార్డ్ చర్యనే చూడండి. గాజు సామాను పొయ్యిలో ఎండబెట్టాలి, ఈథర్‌లో తేమ జాడ ఉండకూడదు. మెగ్నీషియం ముక్కలు అడుగున పడి ఉంటాయి, ఏమీ జరగదు. ఒక చిన్న అయోడిన్ స్ఫటికం వేసి, చేత్తో కాస్త వెచ్చబరచి, మళ్లీ చూడాలి. ద్రావణం ఉన్నట్టుండి మసకబారి, బుడగలు లేచి, దానంతట అదే మరగడం మొదలవుతుంది. లేదంటే అలాగే పడి ఉంటుంది. పక్క బల్ల వాళ్లది మొదలై, మనది మొదలవకపోతే మధ్యాహ్నం సాయంత్రమవుతుంది. ఆ వెంటనే ఇంకో తరగతి పెట్టుకున్నవాళ్లు చర్య సగంలో ఉండగా గడియారం చూస్తుంటారు. తొందర ప్రమాదాలకు మూలం కూడా. కాబట్టి పొడవైన ప్రయోగశాల తర్వాత అదే రోజు ఏ తరగతీ పెట్టుకోవద్దని నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను. భౌతిక రసాయనం ప్రయోగశాలలో బల్ల దగ్గర పని తక్కువ, నివేదిక రాయడం ఎక్కువ. భారం కనిపించే చోటు మారుతుంది, అంతే.

మేం పెట్టుకున్న నియమం: ఏ సెమిస్టర్‌లోనూ రెండుకు మించి ప్రయోగశాలలు వద్దు. సాధారణ రసాయనం తర్వాత ఆమె ప్రణాళికలో ప్రయోగశాల ఉన్న కెమిస్ట్రీ కోర్సులు ఏడు: కర్బనం రెండు, పరిమాణాత్మక విశ్లేషణ, భౌతిక రసాయనం రెండు, పరికరాల విశ్లేషణ, ఉన్నత అకర్బనం. వారానికి నాలుగు గంటలు, పదమూడు వారాలు అనుకుంటే 364 గంటలు. పోల్చి చూసుకోవడానికి, అమెరికన్ కెమికల్ సొసైటీ 2015 మార్గదర్శకాలు ప్రాథమిక ప్రయోగశాల పోగా 400 గంటలు కోరాయి. చివరి ఏడాది ప్రాజెక్టు కలిపితే ఆ లోటు తీరిపోతుంది. ప్రాజెక్టు వదిలేస్తే తీరదు. ప్రాజెక్టు ఐచ్ఛికం కదా, దాని బదులు రెండు తేలిక కోర్సులు తీసుకుంటామనే విద్యార్థులకు ఈ లెక్క చూపిస్తాను.

చివరకు ఖరారైన ప్రణాళికలో రెండు గడులు ఖాళీగా వదిలాం, ఒకటి ఐదో సెమిస్టర్‌లో, ఇంకొకటి ఆరులో. ఆమెకు అది నచ్చలేదు. ఖాళీ గడి కనిపిస్తే ఏదో ఒక కోర్సు పేరు రాసేయాలని చేతులు లాగుతాయి. వద్దన్నాను.

ఏది వదలాలి

రెండో సెమిస్టర్ సగానికి వచ్చేసరికి ఆమె వాడిపోయిన ముఖంతో వచ్చింది. సాధారణ రసాయనం రెండు, దాని ప్రయోగశాల, కలన గణితం రెండు, భౌతిక శాస్త్రం ఒకటి, దాని ప్రయోగశాల. జ్వరంతో కొన్ని వారాలు పోయాయి. అన్నీ నిలబెట్టుకోవడం కష్టం, ఒకటి వదిలేయాలి. గడువు లోపల కోర్సు వదిలితే రికార్డులో మచ్చ ఉండదు.

"కలన గణితం వదిలేస్తాను సార్. అందులోనే మార్కులు బాగా తక్కువ. ఫిజిక్స్ పరవాలేదు" అంది.

ఎవరైనా అదే అంటారు. మార్కులు ఎక్కడ తక్కువుంటే అక్కడ చేయి వదలడం సహజం. మేం మళ్లీ బాణాల కాగితం తీశాం. భౌతిక శాస్త్రం రెండో భాగం మూడో సెమిస్టర్‌లో రాసి ఉంది, దాని అవసరం ఐదో సెమిస్టర్‌లో పడుతుంది. మధ్యలో నాలుగో సెమిస్టర్ ఖాళీ. మా దగ్గర భౌతిక శాస్త్రం రెండు భాగాలూ ప్రతి సెమిస్టర్‌లో ఉంటాయి. అంటే ఈ గొలుసు ఒక సెమిస్టర్ జరిగినా ఏదీ తెగదు. కలన గణితం రెండు వదిలితే? మూడులో మళ్లీ చదవాలి, బహుచర కలనం ఐదుకు, భౌతిక రసాయనం ఏడుకు, మళ్లీ ఆ తొమ్మిదో సెమిస్టర్. మార్కులు బాగున్న భౌతిక శాస్త్రాన్నే వదలమన్నాను. మార్కులు తక్కువున్న కలన గణితాన్ని పట్టుకుని ఉండమన్నాను.

ఆమె ఒప్పుకోవడానికి రెండు రోజులు తీసుకుంది. ఒప్పుకున్న తర్వాత ఆ సమయమంతా సమాకలన పద్ధతుల మీద పెట్టి కలన గణితం రెండు గట్టెక్కింది. గొప్ప మార్కులు రాలేదు. బహుచర కలనంలో చేరడానికి సరిపోయాయి. బహుచర కలనంలో ఆమె నిజంగానే బాగా చేసింది. సమాకలన పద్ధతుల చిట్కాలు గుర్తుంచుకోవడం కష్టమనిపించే చాలామందికి ఆకారాలు, వాలులు ఊహించుకునే ఆ కోర్సు తేలిక పడుతుంది.

ఈ మార్పుకు ఖర్చు లేకపోలేదు. భౌతిక శాస్త్రం రెండో భాగం నాలుగుకు జరిగింది. నాలుగులో అప్పటికే కర్బన రసాయనం రెండు, పరిమాణాత్మక విశ్లేషణ ప్రయోగశాలలతో సహా ఉన్నాయి. మూడు ప్రయోగశాలలు కాకుండా ఉండాలంటే పరిమాణాత్మక విశ్లేషణను ఐదుకు జరపాలి. అక్కడ భౌతిక రసాయనం మొదటి ప్రయోగశాల ఉంది. రెండూ నివేదికలు పుష్కలంగా రాయించేవే. నియమం ప్రకారం రెండే, బరువు ప్రకారం మూడు. ఐదో సెమిస్టర్‌లోని ఖాళీ గడిని ఖాళీగానే ఉంచి ఆ బరువు సర్దాం. అయినా ఆ సెమిస్టర్‌లో అకర్బన రసాయనంలో ఆమె మార్కులు పడిపోయాయి. దానికి మందు దొరకలేదు.

దారి మళ్లింది

అనుకోకుండా ఆ ఐదో సెమిస్టరే ఆమె దిశ మార్చింది. పరిమాణాత్మక విశ్లేషణలో బ్యూరెట్ మీద 0.1 మిల్లీలీటరు గీతల మధ్య 0.01 వరకు కంటితో అంచనా వేయడం, అదే టైట్రేషన్ మళ్లీ మళ్లీ చేసి ప్రామాణిక విచలనం కట్టడం మిగతావాళ్లకు విసుగు. ఆమెకు నచ్చింది. అదే వారంలో భౌతిక రసాయనం ప్రయోగశాలలోనూ దోష విశ్లేషణ రావడంతో ఒకచోట నేర్చింది రెండోచోట పనికొచ్చింది. రెండు కోర్సులు ఒకే సెమిస్టర్‌లో పడటం వల్ల నేను భయపడిన బరువులో కొంత ఇలా తగ్గింది.

"సంశ్లేషణ చేయాలని లేదు సార్ ఇప్పుడు. తయారైన దాంట్లో ఏముందో తేల్చడం బాగుంది" అని చెప్పింది. ఖరారైన ప్రణాళికలో ఆరో సెమిస్టర్ ఖాళీ గడికి మేం మనసులో అనుకున్నది ఉన్నత కర్బన సంశ్లేషణ. కాగితం మీద రాయలేదు కాబట్టి చెరపవలసిన అవసరం రాలేదు. అక్కడ వేర్పాటు పద్ధతుల కోర్సు చేరింది.

ఆ కోర్సు మధ్యలో ఆమె నా గదికి వచ్చి వాన్ డీమ్టర్ సమీకరణం చూపించింది. క్రోమటోగ్రఫీ గొట్టంలో పదార్థాలు ఎంత బాగా వేరవుతాయో ద్రవం ప్రవహించే వేగంతో ముడిపెట్టే 1956 నాటి సమీకరణం అది. మూడు పదాలుంటాయి: వేగంతో సంబంధం లేనిది ఒకటి, వేగం పెరిగితే తగ్గేది ఒకటి, వేగం పెరిగితే పెరిగేది ఒకటి. మరీ నెమ్మదిగా పోతే అణువులు వ్యాపించి పట్టీ వెడల్పవుతుంది. మరీ వేగంగా పోతే అవి రెండు ప్రావస్థల (కదిలే ద్రవం, గొట్టంలో నింపిన పదార్థం) మధ్య సర్దుకునే వ్యవధి ఉండదు. మధ్యలో ఎక్కడో ఒక మంచి వేగం ఉంటుంది. అవకలనం చేసి సున్నకు సమానం చేస్తే అది రెండో గుణకాన్ని మూడో గుణకంతో భాగించి, వర్గమూలం తీస్తే వచ్చే విలువ. "ఇది కలన గణితం ఒకటిలో మొదటి నెల లెక్క కదా సార్" అంది. అవునన్నాను.

కోడింగ్ విషయం కూడా చెప్పాలి, ఇప్పుడు ప్రతి విద్యార్థీ అడుగుతున్నాడు. 2024లో రసాయన శాస్త్ర నోబెల్ ప్రోటీన్ల రూపకల్పనకు, కంప్యూటర్‌తో వాటి ఆకృతిని ఊహించడానికి దక్కిన తర్వాత, ప్రయోగశాలలు తగ్గించుకుని ప్రోగ్రామింగ్ కోర్సులు పెట్టుకుంటామనేవాళ్లు పెరిగారు. పైథాన్‌లో దత్తాంశాలకు సరళరేఖను అమర్చడం, పెద్ద ఫైళ్లు చదవడం ప్రతి కెమిస్ట్రీ విద్యార్థికీ రావాలి. దానికి ఒక కోర్సు, ఒక వేసవి చాలు. ఆ కోర్సుకు చోటివ్వడానికి ప్రయోగశాలను తీసేయకూడదు. పరికరం ఇచ్చిన అంకె తప్పని పసిగట్టే చూపు ప్రోగ్రాం రాస్తే రాదు. ఈమె నాలుగో సెమిస్టర్‌లో గణాంక శాస్త్రంతో పాటు కాస్త పైథాన్ నేర్చుకుంది, అది ప్రాజెక్టులో అక్కరకొచ్చింది.

ప్రాజెక్టు ఒక మందులోని మలినాలను అధిక పీడన ద్రవ క్రోమటోగ్రఫీతో కొలిచే పద్ధతిని రూపొందించి, దాన్ని ధ్రువీకరించడం. క్రమాంకన రేఖ (తెలిసిన పరిమాణాల కొలతలతో గీసిన రేఖ) వాలు, శేషాల (కొలతలకూ రేఖకూ మధ్య తేడాల) ప్రామాణిక విచలనం తీసుకుని, విచలనాన్ని వాలుతో భాగించి 3.3తో గుణిస్తే గుర్తించగల కనిష్ఠ పరిమాణం, 10తో గుణిస్తే కొలవగల కనిష్ఠ పరిమాణం వస్తాయి. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న పద్ధతే. మందులు కనిపెట్టాలన్న ఆమె మొదటి కోరిక ఇలా వేరే తలుపులోంచి మందుల దగ్గరికే చేరింది. ఎనిమిది సెమిస్టర్లలో డిగ్రీ పూర్తయింది.

మిగిలిన లోటు

లోట్లు ఉన్నాయి. ఉన్నత కర్బన సంశ్లేషణ చదవలేదు, జీవరసాయనం ఒక్క కోర్సే. సంశ్లేషణలో పీజీ చేయాలనుకుంటే ఆమె ముందుగా ఆ ఖాళీని పూడ్చుకోవాలి. విశ్లేషణ వైపు వెళ్తే ఏ అడ్డూ లేదు. అకర్బన రసాయనంలో పడిపోయిన మార్కులకు ఏడో సెమిస్టర్‌లోని ఉన్నత కోర్సులో మంచి మార్కులు కొంత సమాధానం చెప్పాయి. దరఖాస్తుకు నేను రాసిన సిఫారసు లేఖలో ఆ రెంటినీ పక్కపక్కనే ప్రస్తావించి, ఐదో సెమిస్టర్ ఎందుకు బరువైందో ఒక్క వాక్యంలో రాశాను. చదివేవాళ్లు అంకెలు చూసి కారణాలు ఊహించుకోవడం కన్నా అది మేలు.

ఈ కేసు తర్వాత కొత్తగా చేరేవారికి ఇచ్చే కాగితం మార్చాను. ఎనిమిది ఖాళీ గడుల బదులు, ఎనిమిదో గడిలో ప్రాజెక్టు అని ముందే ముద్రించి, అక్కడి నుంచి ఎడమకు బాణాలు గీయమంటున్నాం. ఏడాదికి ఒక్కసారే ఉండే కోర్సుల పేర్ల కింద గీత ఉంటుంది. ఏ కోర్సుకు ఎన్ని సెమిస్టర్ల వెసులుబాటు ఉందో దాని పక్కన విద్యార్థి చేతే రాయిస్తున్నాం, కోర్సు వదలాల్సిన రోజు వస్తే ముందు ఆ అంకె చూడటానికి. బహుచర కలనాన్ని సరి సెమిస్టర్‌లో కూడా చెప్పమని గణిత విభాగాన్ని అడిగాం. తగినంతమంది చేరతారని చూపిస్తే ఆలోచిస్తామన్నారు. వెసులుబాటు సున్న అని రాసిన కాగితాలను లెక్కపెట్టి వాళ్లకు పంపుతున్నాం.